తాడుకు అటూ ఇటూ

పల్లెటూళ్లో నడిరోడ్డు మీద బండి ఆగిపోవాలేగానీ సాయానికి కొదవుండదు. నిమిషంలో పదిమంది పోగవుతారు. ఒకరు బానెట్ ఎత్తమంటారు. ఇంకొకరు నెట్టమంటారు. మూడో ఆయన అప్పటికే ట్రాక్టరు కోసం మనిషిని పంపేసి ఉంటాడు. ట్రాక్టరుతోపాటు ఇనుప గొలుసూ వస్తుంది. ఆ గొలుసు ఎక్కడ కట్టాలి, లాగబోయే బండిలో ఎవరు కూర్చోవాలి, లాగుతుంటే లోపల ఏమేం తిరుగుతాయి... ఈ మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు మాత్రం ఆ పదిమందిలో ఒక్కరుండరు. అందరూ మంచివాళ్లే. సాయం చేద్దామని వచ్చినవాళ్లే. బండికీ, దాని చుట్టూ ఉన్న మనుషులకీ ముప్పు మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే.

పాత బండి ఆగిపోవడం పెద్ద విషయమేం కాదు. ఆగినదాన్ని మనం ఎలా కదిలిస్తామన్నదే అసలు విషయం. మఠంపల్లిలో మా మేనమామ జీపు పుణ్యమా అని ఆ సంగతి నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

జీపు ఎందుకంటే...

సూర్యాపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ఉన్న మండలం మఠంపల్లి. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఒకవైపు నది, ఒడ్డునే మట్టపల్లి నరసింహస్వామి గుడి. ఇంకోవైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. నడుమ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే వరి పొలాలు. అంటే లారీలు తిరిగి గుంతలు పడిన తారురోడ్డు, తెల్లటి దుమ్ము లేచే గనుల బాట, వానొస్తే మోకాలు దిగబడే కాలువగట్టు... మూడూ ఒకే ఊళ్లో ఉంటాయి. ఒక్క బండి ఈ మూడింటి మీదా తిరగాలంటే దానికి నాలుగు చక్రాలూ పనిచేయాలి. మామ దగ్గర జీపు ఉండటానికి కారణం అదే.

మామది మహీంద్రా ఎం.ఎం.540. రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి అమెరికాలో తయారైన విల్లీస్ జీపుకు ఇది మనవడి వరస. మన దేశంలో విల్లీస్ జీపుల్ని మహీంద్రా సంస్థ 1940ల్లో బిగించడం మొదలుపెట్టింది. 1985లో ప్యూజో డీజిల్ ఇంజినుతో 540 వచ్చింది. అప్పట్లో ఊళ్లోకి జీపొచ్చిందంటే తాసిల్దారో, ఎస్సైయో, కాలువల ఇంజినీరో అయ్యుండాలి. అలాంటి జీపును ముప్ఫయ్యేళ్ల కిందట మామ పాతదిగానే కొన్నాడు. అది మోసిన విత్తనాల బస్తాలకు, అర్ధరాత్రి హుజూర్‌నగర్ ఆస్పత్రికి చేర్చిన నిండు గర్భిణులకు, నరసింహస్వామి కల్యాణానికి తీసుకెళ్లిన చుట్టాలకు లెక్కలేదు. కొడుకు కొత్త కారు కొనిస్తానంటే ‘అది కాలువగట్టెక్కుతదా?’ అని అడిగాడట. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పాలలా మారిన నూనె

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వాన ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు నీట మునిగాయి. కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ జాతీయ రహదారి మీద వాహనాలు ఆగిపోయాయి. ఆ రెండు రోజులూ మామ జీపు ఒక్క చోట నిలబడలేదు. నీళ్లు ఇరుసు దాటినా సరే, తాండాల నుంచి పిల్లల్నీ ముసలివాళ్లనీ తెచ్చి ఊళ్లో దింపింది. ‘చూశావా, కారైతే కొట్టుకపోయేది’ అని ఫోన్లో మామ మురిసిపోతూ చెప్పాడు.

వాన తగ్గింది. జీపును కడిగారు. దిష్టి తీశారు. లోపలి ఆయిలు మాత్రం ఎవరూ చూడలేదు.

సంక్రాంతికి నేను వెళ్లేసరికి జీపు పొలం దగ్గర, కాలువ వైపు దిగే వాలుబాట మీద ఆగి ఉంది. వెనక నుంచి తిరగలి విసిరినట్టు గరగరమని చప్పుడు. ఇంజినుకు మాత్రం ఏం కాలేదు. ఇక నడపకూడదని ఆపేసింది మామే. అక్కడిదాకా బాగానే ఉంది. కోదాడలో జీపులు బాగుచేసే మేస్త్రి దగ్గరికి దాన్ని చేర్చడమెలా అన్నప్పుడే అసలు కథ మొదలైంది.

మామ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ట్రాక్టరు సొంతానిది. గొలుసు కొట్టంలో ఉంది. జీపు స్టీరింగు పట్టుకోవడానికి మనవడున్నాడు. వాడికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. తాత మాట వినగానే వాడి మొహం వెలిగిపోయింది. ‘పొద్దున్నే బయల్దేరితే పదింటికల్లా కోదాడల ఉంటం’ అన్నాడు మామ. మాట వరసకని మేస్త్రికి ఫోన్ చేశాడు. అవతలి నుంచి ఒకటే మాట... ‘తాడు కట్టకుండ్రి. నేనొస్తున్న.’

మధ్యాహ్నానికల్లా మోటారు సైకిల్ మీద సంచీ తగిలించుకుని వచ్చేశాడు. అరవై దాటిన మనిషి. చొక్కా విప్పి, గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. ముందు, వెనక డిఫరెన్షియళ్లు, గేరుబాక్సు, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు... నాలుగింటికీ నూనె చూసే బిరడాలు ఒక్కొక్కటిగా విప్పాడు. ముందుదీ, గేరుబాక్సుదీ బాగానే ఉన్నాయి. వెనక డిఫరెన్షియల్ నుంచి మాత్రం పాలు కలిపిన టీ లాంటిది కారింది. ట్రాన్స్‌ఫర్ కేసులోనూ అంతే. నూనెలో నీళ్లు కలిస్తే అయ్యే రంగది.

‘నీళ్లు ఎట్ల పోయినయి? అంతా సీలు వేసే ఉంటది కదా?’ అన్నాడు మామ.

మేస్త్రి చెప్పిన కారణం వింటే చిన్నప్పటి సైన్సు పాఠం గుర్తొస్తుంది. బండి నడిచేటప్పుడు డిఫరెన్షియల్ వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచించి బ్రీదర్ అనే చిన్న రంధ్రం గుండా బయటికి పోతుంది. అదే వేడి మీద చల్లటి వరదనీళ్లలో దిగితే గాలి ఒక్కసారిగా సంకోచిస్తుంది. అప్పుడు బ్రీదర్ నుంచో, అరిగిన సీలు అంచుల నుంచో నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. వరద తగ్గిన వారంలో నూనె మార్చి ఉంటే కొద్ది ఖర్చుతో పోయేది. నాలుగు నెలలు నీళ్లలో నానిన బేరింగు ఊరుకుంటుందా?

లాగితే ఏమవుతుంది?

మామ అడిగిన ప్రశ్న మనలో చాలామందికి వచ్చేదే. ‘ఇంజినుతోని నడిపితే కదా అరిగేది? ట్రాక్టరుతోని గుంజితే ఏమైతది?’

మేస్త్రి నవ్వాడు. ‘పెద్దాయనా, మీరు నడిపినా చక్రమే తిరుగుతది, ట్రాక్టరు గుంజినా చక్రమే తిరుగుతది. ఎవరు తిప్పుతున్నరో లోపలి పళ్లకేం తెలుసు?’

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని లాగడంలో కిటుకంతా ఈ మాటలోనే ఉంది. చక్రం తిరిగితే ఇరుసు తిరుగుతుంది. ఇరుసు డిఫరెన్షియల్‌ను, అది ప్రొపెల్లర్ షాఫ్టును, ఆ షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసును వరసగా తిప్పుతాయి. మామూలుగా ఇంజిను నుంచి చక్రానికి పోయే తిరుగుడు ఇప్పుడు చక్రం నుంచి ఇంజిను వైపు వెళ్తుందన్నమాట. గేరు న్యూట్రల్‌లో పెడితే చాలనుకుంటాం. ఈ జీపుల్లో ట్రాన్స్‌ఫర్ కేసు లీవర్‌నూ న్యూట్రల్‌లో పెట్టాలి. ఫోర్ వీల్ లీవర్ తీసేయాలి. ముందు చక్రాలకు ఫ్రీ వీల్ హబ్బులుంటే వాటిని విడదీయాలి. దూరం వెళ్లాలంటే ప్రొపెల్లర్ షాఫ్టులు ఊడదీసి బండిలో పడేసుకోవాలి. ఫోర్ వీల్‌లో ఉన్న బండిని ముందు చక్రాలో వెనక చక్రాలో మాత్రమే పైకెత్తి క్రేనుతో ఈడ్చుకుపోతే ట్రాన్స్‌ఫర్ కేసు పగిలినా ఆశ్చర్యం లేదు.

మామ జీపుకు అదీ చాలదన్నాడు మేస్త్రి. షాఫ్టు ఊడదీస్తే ట్రాన్స్‌ఫర్ కేసు బతుకుతుంది. వెనక డిఫరెన్షియల్ మాత్రం చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. కొత్త నూనె పోసి పొలం నుంచి రోడ్డుదాకా, అర కిలోమీటరు నెమ్మదిగా లాగొచ్చు. కోదాడదాకా మాత్రం చక్రం నేలకు తగలకూడదు. రికవరీ బండి మీద ఎక్కించాల్సిందే. ఫోన్ చేసి కనుక్కుంటే నాలుగు వేలన్నారు.

‘నాలుగు వేలా! మనింట్ల ట్రాక్టరుండంగ నాలుగు వేలెందుకు మేస్త్రీ?’

మేస్త్రి ఆ మాటకు జవాబు చెప్పలేదు. మనవడి వైపు తిరిగి ‘లైసెన్సున్నదా బాబూ?’ అన్నాడు. వాడు తల దించుకున్నాడు.

లాగే బండిని నడపడం కంటే వెనక బండిలో కూర్చోవడమే కష్టమట. తాడు ఎప్పుడూ బిగువుగా ఉండేలా చూసుకోవాల్సింది వెనకవాడే. ముందు బండి నెమ్మదిస్తుందనగానే బ్రేకు తనే వేయాలి. లేకపోతే తాడు వదులై చక్రం కిందికి పోతుంది, లేదా నేరుగా వెళ్లి ట్రాక్టరును గుద్దుకుంటుంది. బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు ఉన్న బండైతే ఇంజిను ఆగాక రెండూ రాయిలా బిగుసుకుంటాయి. మామూలుగా వేసే బ్రేకుకు బండి ఆగదు. తాళంచెవి తీసేస్తే స్టీరింగు లాకైపోయే బండ్లూ ఉంటాయి. ఇవన్నీ తెలియని పిల్లాణ్ని, మఠంపల్లి నుంచి హుజూర్‌నగర్ మీదుగా, సిమెంటు లారీల మధ్య, తాడుకు కట్టి పంపించడమంటే...

మేస్త్రి అంత మాట అనలేదు. అనాల్సిన అవసరమూ రాలేదు. మామ దగ్గర ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్న పెద్దాయన అప్పటిదాకా గట్టు మీద కూర్చుని వింటున్నాడు. లేచి, కుంటుకుంటూ వచ్చి మనవడి చేతిలోని గొలుసు తీసుకుని పక్కన పెట్టాడు. చాలా ఏళ్ల కిందట బురదలో దిగబడిన ధాన్యం ట్రాక్టరును ఇంకో ట్రాక్టరుతో లాగుతుంటే గొలుసు తెగింది. తెగిన కొస వచ్చి ఆయన మోకాలి చిప్పకు తగిలింది. ఆ రోజు మామ పక్కనే ఉన్నాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. మామ కాసేపు గొలుసు వైపు చూసి, ‘సరే, ఆ బండినే రమ్మను’ అన్నాడు.

అర కిలోమీటరు ప్రయాణం

ఆ అర కిలోమీటరుకు గంటన్నర పట్టింది. నిజానికి పావుగంట పని. మిగిలిన సమయమంతా జాగ్రత్తలకే. ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నా.

ముందుగా నాలుగు చక్రాలకూ రాళ్లు అడ్డం పెట్టించాడు మేస్త్రి. ‘హ్యాండ్ బ్రేకు వేసే ఉన్నది కదా’ అన్నాడు మామ. ‘షాఫ్టు తీసినంక చూడుండ్రి’ అన్నాడాయన. ఆఖరి బోల్టు ఊడగానే జీపు బెత్తెడు దూరం జరిగి రాయికి ఆనుకుని ఆగింది. మా గుండెలు జారిపోయాయి. కింద కాలువ! ఇలాంటి పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఉంటుంది. షాఫ్టు ఊడదీశామంటే చక్రాలకూ హ్యాండ్ బ్రేకుకూ సంబంధం తెగిపోయినట్టే. వాలులో ఈ సంగతి తెలియకపోతే కింద పడుకున్న మనిషి ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత తాడు. మంచి నైలాన్ తాడు కొద్దిగా సాగుతుంది కాబట్టి కుదుపును మింగుతుంది. గొలుసు సాగదు. కుదుపంతా నేరుగా కొక్కేనికి తగులుతుంది. అలాగని తాడును పూర్తిగా నమ్మకూడదు. సాగిన తాడు తెగితే ఉండేలు దెబ్బలా వెనక్కి కొడుతుంది. అందుకే నడిమధ్యలో తడిపిన గోనెసంచి వేలాడదీయించాడు. తెగినా ఆ బరువుకు వేగం తగ్గి నేలకు జారుతుందట. కట్టేది చట్రానికున్న కొక్కేనికే. బంపరుకో, స్టీరింగు రాడ్డుకో, స్ప్రింగు పట్టీకో కాదు. తాడెంత పొడవుందో అంతకంటే ఎక్కువ దూరంలో మనుషులుండాలి. ఆ మాట ఎవరూ చెప్పకముందే కుంటి పెద్దాయన పిల్లల్ని భుజాలు పట్టుకుని వేపచెట్టు వెనక్కి తీసుకెళ్లిపోయాడు.

రోడ్డు మీద లాగేటప్పుడు పాటించాల్సినవి చట్టంలోనూ ఉన్నాయి. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. తాడు ఇతరులకు స్పష్టంగా కనిపించాలి. వెనక బండికి ‘ఆన్ టో’ అని బోర్డు ఉండాలి. ఇదేదో కాగితాల మీది నిబంధన కాదు. సందు దొరికింది కదాని రెండు బండ్ల మధ్య నుంచి దూరబోయే మోటారు సైకిళ్లవాళ్లు మన రోడ్ల మీద ఎంతమంది లేరు? తాడు కనపడకపోతే వాళ్ల గతేమిటి? అందుకే తాడుకు జానెడు జానెడు దూరంలో ఎర్రగుడ్డ పీలికలు కట్టాలి. చీకటి పడితే అసలు లాగకూడదు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033 నంబరుకు ఫోన్ చేస్తే సాయం అందుతుంది.

జీపులో మేస్త్రి కూర్చున్నాడు. ట్రాక్టరు మామ నడిపాడు, మొదటి గేరులో, మనిషి నడిచినంత వేగంతో. కదిలేముందు తాడు బిగిసేదాకా అంగుళం అంగుళం జరిపి, అప్పుడు లాగాడు. మనవడు ఎర్ర తువ్వాలు పట్టుకుని ముందు నడిచాడు. వాడి సరదా అలా తీరింది.

కోదాడ పాఠాలు

జీపు కోదాడలో పదిరోజులుంది. వెనక బేరింగులు, సీళ్లు మార్చారు. ట్రాన్స్‌ఫర్ కేసును కడిగితే సరిపోయింది. ‘గుంజుకొచ్చి ఉంటే క్రౌన్ పళ్లు పోయేటివి’ అన్నాడు మేస్త్రి. పాత బండికి ఆ సామాను దొరకడమే కష్టం. దాని ముందు నాలుగు వేలు ఏపాటి? ఒకరోజు ఆయన దగ్గరే కూర్చుని పాత ఫోర్ వీల్ బండికి ఏమేం చేయాలో అడిగి రాసుకున్నాను.

ఇంజిన్ ఆయిలొక్కటి మార్చి సర్వీసింగ్ అయిపోయిందనుకోకూడదు. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్లు... ఈ నాలుగింటి నూనె కూడా చూడాలి. ఇరుసు మునిగేంత నీళ్లలో దిగితే ఆ వారంలోనే బిరడా విప్పి రంగు చూడాలి. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి పైకి కట్టేస్తే నీళ్లు పీల్చే బాధ తగ్గుతుంది.

షాఫ్టు క్రాసులు, స్ప్రింగు షాకిళ్లు, స్టీరింగు కీళ్లకు గ్రీజు పెట్టించాలి. నీళ్లలో తిరిగి వస్తే మళ్లీ పెట్టించాలి. కొత్త గ్రీజు ఎక్కేకొద్దీ పాతదీ, దాంతోపాటు నీళ్లూ బయటికొస్తాయి.

సున్నపురాయి దుమ్ములో తిరిగే బండికి గాలి వడపోతే ఊపిరి. పాత జీపుల్లో అది నూనె గిన్నెలా ఉంటుంది. దుమ్ము నూనెలో చిక్కుకుని అడుగున బురదలా పేరుకుంటుంది. గనుల వైపు తిరిగితే వారానికోసారి మూత తీసి చూడాలి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు కూడా వదిలేస్తుండాలి.

ఫోర్ వీల్ లీవరును నెలకోసారైనా మట్టిబాట మీద వాడాలి. వాడకపోతే అవసరమైన రోజున పడదు. తారురోడ్డు మీద మాత్రం వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో ఆ తేడా జారిపోతుంది. తారు మీద జారే దారిలేక షాఫ్టులు మెలిపడతాయి. నాలుగు టైర్లూ ఒకే సైజువి, దాదాపు ఒకే అరుగుదలవి ఉండాలనడానికీ అదే కారణం.

టైరు గాడులు బాగున్నాయి కదాని ఊరుకోకూడదు. పక్కన ఉండే నాలుగంకెల్లో పుట్టినతేదీ దొరుకుతుంది. 3215 అంటే 2015లో 32వ వారమని అర్థం. మామ జీపు స్టెప్నీ మీద ఆ అంకెలు చూసి మేస్త్రి ఏమీ అనకుండా దాన్ని మూలన పడేశాడు.

వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. అన్నీ కలిపినా మన నిర్లక్ష్యానికయ్యే ఖర్చులో పదోవంతు ఉండదు. పైగా ఇవన్నీ చేసుకుంటే బండిని తాడుకు కట్టే రోజు ఎప్పుడో గానీ రాదు.

ఇప్పుడు మామ జీపు మళ్లీ కాలువగట్టెక్కుతోంది. కొట్టం తలుపు మీద సుద్దముక్కతో నూనె మార్చిన తేదీలు రాసి ఉన్నాయి. మేకుకు ఎర్రగుడ్డలు కట్టిన నైలాన్ తాడు వేలాడుతోంది. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇస్తాడు. ఇచ్చేముందు ‘వెనక బండిల ఎవరు కూసుంటరు?’ అని మాత్రం అడుగుతాడు. ఆ పాత గొలుసును పాతసామాన్ల వాడికి కాటా వేసి అమ్మేశాడు. ఎంతొచ్చిందని అత్త అడిగితే, ‘రావాల్సింది ఎప్పుడో వచ్చింది’ అన్నాడట.